గాలి వరసలు

చిన్నాయన పోయాడని తెలిసి నెల్లూరు నుంచి పుదుచ్చేరి చేరేసరికి దహనం అయిపోయింది. మా నాయన తమ్ముడు వరదయ్యను ఇంట్లో పిల్లలందరం చిన్నాయన అనేవాళ్ళం. చివరి రోజుల్లో ఊరి పక్కనున్న సారం పేట వీధుల్లో ఆయన వయసువాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. భోజనాల దగ్గర ఆయన మాటలే వచ్చాయి. నాకంటే చాలా చిన్నవాడైన మా తమ్ముడు ఆకు ముందు కూర్చుని, "మంచి మనిషేలే. కానీ ఒక ఏడు ఊరికే మిల్లు అగ్గిలో తగలేసుకున్నాడు, నాలుగు వెరుగు చెట్ల కోసరం" అన్నాడు. వెరుగు అంటే మా ఇళ్ళలో వంటచెరకు. అరవ మాటే, కానీ మాది అయిపోయింది. ఎవరూ కాదనలేదు. లోపలి గదిలో చాప మీద కూర్చున్న చిన్నమ్మకు, అంటే చిన్నాయన భార్యకు, ఆ మాట వినబడింది. ఆమె నా వంక చూసింది. ఆ ఏడు ఏం జరిగిందో చూసినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. తమ్ముడు అప్పటికి పాలు తాగే పిల్లవాడు. తెలియక అన్నాడు. తెలిసినంత వరకు ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాది కట్టెల వ్యాపారం. అడితి అనే మాట నేను పెళ్ళై నెల్లూరు వెళ్ళాక, మా ఆయన దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాక పుస్తకాల్లో చూశాను. మేం తొట్టి అనేవాళ్ళం, కట్టెల తొట్టి. ఊరికి పడమర, సారం వైపు వెళ్ళే బాట మీద తొట్టి ముందు, ఇల్లు వెనక. పొద్దున లేస్తే గొడ్డలి చప్పుడు, సరుగుడు బెరడు పులుపు వాసన. వానాకాలంలో ఆ వాసన అన్నంలోకి కూడా వచ్చేది. నాయన పీట మీద కూర్చుని రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి వినేవాడు. గణగణమంటే ఆరింది, తబతబమంటే పచ్చిది. అలవాటైపోయి అన్నానికి కూర్చున్నప్పుడు కూడా అరటికాయ ముక్కల్ని అలా తట్టి చూస్తున్నాడని చిన్నమ్మ నవ్వేది. ఊరికి తూర్పున తెల్లదొరల వీధుల్లో బేకరీ పొయ్యిలకు, ఈ పక్క మా వీధుల్లో పొయ్యిలకు, మా తొట్టి నుంచే కట్టెలు పోయేవి. పెళ్ళికైనా చావుకైనా ముందు మా గడపే తొక్కేవారు.

తోట కాలాపేటలో, సముద్రం ఒడ్డున. కాలాపేట కూడా ఫ్రెంచివాళ్ళదే కానీ మధ్యలో ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళు దాటాలి. కట్టెల బండి రెండు సుంకం చావళ్ళ దగ్గర ఆగేది. ఉప్పు దాచి తెస్తున్నారేమోనని బంట్రోతు ఇనుప ఊచ పట్టుకుని కట్టెల సందుల్లో గుచ్చి చూసేవాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, బండి మీద నుంచే, "ఉప్పు గాలి తప్ప ఇంకేం దొరకదు తంబీ, దానికి కూడా సుంకం ఉంటే చెప్పు, కట్టేస్తాం" అనేది. వాడు నవ్వి వదిలేసేవాడు, లేదా నవ్వకుండా ఎడ్లు అలిసిపోయేదాకా నిలబెట్టేవాడు. అది వాడి రోజును బట్టి ఉండేది.

ఆ తోట ఎలా నడిచేదో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. తాత పోయాక దాన్ని నడిపింది అవ్వ. మొత్తం ఏడు మళ్ళు. ఏడాదికి ఒక మడి కొట్టేవాళ్ళం, ఒకటే. కొట్టిన మడిలో ఆ వానలకే మళ్ళీ నాటేవాళ్ళం. ఏడో ఏడు ముగిసేసరికి మొదట కొట్టిన మడి మళ్ళీ సిద్ధంగా ఉండేది. సరుగుడు మోడు సరిగా చిగురించదు. కొట్టింది కొట్టినట్టే పోతుంది, కొత్తది నాటాల్సిందే. కాయలు ఏరి చాప మీద ఎండబెడితే అవి విచ్చుకుని, రెక్కలున్న నూగంత విత్తనాలు రాలేవి. చీమలు వాటిని ఎత్తుకుపోతాయని అవ్వ నారుమడి చుట్టూ బూడిద పోసి, అక్కడే చిన్న రోట్లో తమలపాకు నూరుకుంటూ కాపలా కూర్చునేది. నాటాక రెండు మూడు ఎండాకాలాలు కడవలతో నీళ్ళు పోయాలి. ఇసుకలో దొరువు తవ్వితే ఊరే నీళ్ళు. అమ్మ, చిన్నమ్మ, నేను తలా రెండు కడవలు ముంచుకుని వరస వెంట నడిచేవాళ్ళం. చెట్టు కొట్టడానికి వచ్చిందా లేదా అనేది అవ్వ చేతులతో చూసేది. రెండు అరచేతులతో మొదలు చుట్టూ పట్టుకుంటే వేళ్ళ కొసలు కలవకూడదు. కలిస్తే అది ఇంకా మడిలో ఉన్నట్టు, ఎవరూ ముట్టకూడదు.

కొత్తగా కాపురానికి వచ్చిన చిన్నమ్మ ఆ మాట విని, "మనుషులకే మడి లేదు ఈ ఇంట్లో, చెట్లకు మడా అత్తా?" అంది.

"మనిషిని ముట్టుకుంటే నీళ్ళు పోసుకుంటే పోద్ది. చెట్టును ముట్టుకుంటే ఏడేండ్లు పోతాయి. పో, కడవ ఎత్తు" అంది అవ్వ.

ఈ ఏడు మళ్ళు కాక సముద్రం వైపు మూడు వరసలు ఉండేవి. వాటిని గాలి వరసలు అనేవాళ్ళం. తాత అన్నిటికన్నా ముందు నాటింది వాటినే. అవి మా లెక్కలో లేవు, గాలికి ఇచ్చేసినవి. ఇద్దరు పట్టుకున్నా చేతులు అందనంత లావైనా వాటి మీద గొడ్డలి పడలేదు. తోట అక్కడ మొదలైంది కనుక ఇంట్లో అందరం సముద్రం వైపు నుంచే చెప్పుకునేవాళ్ళం. సముద్రం పక్క మొదలు, బండ్ల బాట పక్క కడ. అది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, పుట్టినప్పటి నుంచి అలా వింటూ పెరిగాం.

మొదటి పెద్ద యుద్ధం వచ్చింది. ఓడల్లో బొగ్గు రావడం తగ్గింది. రైళ్ళకు, మిల్లుల బాయిలర్లకు కట్టెలు కావాల్సి వచ్చింది. దళారులు కాలాపేట దాకా వచ్చి తోటల్ని నిలువునా బేరం చేశారు. మా చుట్టుపక్కల వాళ్ళు నాలుగేళ్ళవి, మూడేళ్ళవి కూడా ఇచ్చేశారు. వాళ్ళను తప్పు పట్టలేను. బియ్యం ధర పెరిగింది, ఇళ్ళలో మగవాళ్ళు కొందరు ఫ్రాన్సుకు యుద్ధానికి పోయారు. మా ఇంటికీ వచ్చి అడిగారు. ఈ ఏడు వంతు మడి తప్ప ఇంకేదీ లేదని అవ్వ చెప్పింది. ఆ ఏడు వంతు బాట పక్క మడిది. దానికి ముందటి ఏడు కొట్టింది సముద్రం పక్కది, గాలి వరసలకు ఆనుకుని ఉన్నది. అందులో మోకాలెత్తు మొక్కలు ఉన్నాయి.

ఎప్పుడూ మాకు కొట్టే మనుషులు ఎక్కువ కూలికి వేరే తోటలకు వెళ్ళిపోయారు. పడమటి ఊళ్ళ నుంచి కొత్త మేస్త్రీ, కొత్త మనుషులు వచ్చారు. నాయనకు జ్వరం. అవ్వకు మోకాళ్ళ నొప్పి. చిన్నాయన వాళ్ళను తీసుకుపోయి, కొట్టాల్సిన చోటు చూపించబోతుండగా మా కట్టెల బండిని చావడి దగ్గర ఆపేశారని కబురు వచ్చింది. ఆయన బాట మీద నిలబడే, "కడ పక్క కొట్టండి, నేను వచ్చేస్తా" అని చెప్పి బండి కోసం వెళ్ళాడు. బండి విడిపించడానికి ఆ పగలు, మర్నాడు పట్టింది. తిరిగి వస్తూ దారిలో ఇంటి దగ్గర ఆగి, తోటలో వంటకు కావలసిన సామాను, దానితో పాటు నన్నూ ఎక్కించుకున్నాడు.

తోట చేరేసరికి బాట పక్క మడి ఒక్క కొమ్మ కూడా విరగకుండా ఉంది. గొడ్డలి చప్పుడు మాత్రం వినబడుతోంది. చిన్నాయన మొదట నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. నేనూ వెనకే పరుగెత్తాను. మళ్ళన్నీ దాటితే ఎప్పుడూ నీడ ఉండే చోట ఎండ పడుతోంది. ఇసుక మీద లావైన మాన్లు అడ్డంగా పడి ఉన్నాయి. ఉత్తరం కొసన నాలుగైదు చెట్లు తప్ప గాలి వరసలు లేవు.

"ఏంరా! యాడ కొడతా ఉండారు మీరు?" అన్నాడు చిన్నాయన. 

మేస్త్రీ చెమట తుడుచుకుని, సగం అరవం, సగం తెలుగులో, "నువ్వు చెప్పిన చోటే గదా సామీ. కడ పక్క అన్నావు. బాట కాడి నుంచి చూస్తే ఇదే గదా కడ? అదో, కడలు కూడా ఈడనే ఉంది" అన్నాడు. కడలు అంటే అరవంలో సముద్రం. వాడి మాటలో వెటకారం లేదు. "మంచి లావు చెట్లు చూపించినావని అనుకుంటా ఉండాం" అని కూడా అన్నాడు. బాట నుంచి వచ్చిన మనిషికి బాట మొదలు, సముద్రం కడ. చిన్నాయన ఒక మోడు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పినప్పుడు ఆమె రోట్లో ఆకు నూరుతోంది. చేతులు ఆగాయి. తిడుతుందని అందరం ఎదురుచూశాం. ఆమె అడిగింది ఒకటే: "వేర్లు పెరికినారా?"

"లేదమ్మా. రేపు పెరుకుతారంట." కట్టెలకు కొట్టేవాళ్ళు మాను నరికాక కూలితో పాటు వేర్లు కూడా తవ్వి తీసుకోవడం వాడుక. వేరు ఇంకా బాగా మండుతుంది.

"అయితే బండి కట్టు" అంది. మోకాళ్ళ నొప్పితో బండి ఎక్కలేకపోతే జ్వరంతోనే లేచిన నాయన, చిన్నాయన ఎత్తి కూర్చోబెట్టారు. తోటలో మేస్త్రీతో, "మాన్లు బండ్లకెత్తు. వేరు మాత్రం ముట్టొద్దు, ఇసక పట్టుకోనుండేది అదే. దానికి బదులు బాట పక్క మడిలో వేర్లన్నీ నీవే" అంది. మేస్త్రీ కాసేపు గునిసి, "శరి పాటీ", అంటే సరే అవ్వా అని ఒప్పుకున్నాడు. ఆ వానలకే అవ్వ గాలి వరసల్ని మళ్ళీ నాటించింది. వేర్లు వదిలారు కనుక మిగతా మళ్ళకు ముప్పు రాలేదు. కానీ మోకాలెత్తు మొక్కల మడిని ఏదీ కాపాడలేకపోయింది. వేసవిలో సముద్రపు గాలికి ఇసుక రోజూ కొంచెం కొంచెం వచ్చింది. పొద్దున నీళ్ళు పోయడానికి వెళితే నిన్నటి మొక్క సగమే కనబడేది. చేతులతో తోడేవాళ్ళం. మర్నాటికి మళ్ళీ కప్పేసేది. మరుసటి ఏడు నాటినవీ పోయాయి. మూడోసారి నాటినవి నిలబడ్డాయి, అప్పటికి గాలి వరసల మొక్కలు మనిషెత్తు పెరిగాయి కనుక. ఆ మడి అలా వెనకబడిపోయింది.

అప్పుడు మాకు పూట గడవక పోలేదు. మిగతా మళ్ళు వంతు ప్రకారం వస్తూనే ఉన్నాయి. ఇలాంటి తప్పులో ఇబ్బంది అదే. నష్టం ఆ రోజు కనబడదు. యుద్ధం ముగిసింది, బొగ్గు మళ్ళీ వచ్చింది, అవ్వ పోయింది, నాకు పెళ్ళైంది. ఆ సంగతి అందరూ దాదాపు మరిచిపోయాక సముద్రం పక్క మడి వంతు వచ్చింది. మొదలు చుట్టూ చేతులు వేస్తే వేళ్ళు కలిసి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి కూడా. ఆ ఏడు కొట్టడానికి తోటలో ఏమీ లేదు.

నేను అప్పుడు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. అమ్మ ఒడిలో తమ్ముడు. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, తొట్టిలో కట్టెలు అయిపోతున్నాయి. వసారాలో అన్నదమ్ములు మాట్లాడుకోవడం లోపల పడుకున్న నాకు స్పష్టంగా వినబడింది.

"ఇంట్లో కాన్పు పెట్టుకుని తొట్టి మూసుకుంటే ఎట్టరా? బాట పక్కది కొట్టేద్దాం. దాని వంతు వచ్చే ఏడు. ఒక్క ఏడు ముందు, అంతే గదా" అన్నాడు నాయన.

"ఒక్క ఏడు కాదన్నా. ఈ ఏడు దీన్ని లేతగా కొడితే వచ్చే ఏడు దాని పక్కదాన్ని లేతగా కొట్టాల. ఆ పై ఏడు ఇంకోదాన్ని. ఇంక ఎప్పటికీ ముదిరిన కట్టె మన తొట్టికి రాదు. చుట్టూ తోటలు చూడు, ఎట్ట అయిపోయినాయో."

"ఇంత తెలివి ఆ పొద్దు మేస్త్రీకి చెప్పేటప్పుడు యాడ పెట్టినావు?"

 నాయన అన్న తర్వాత తనే బాధపడి ఉంటాడు. గొంతు సవరించుకోవడం వినబడింది.

"నిజమే" అన్నాడు చిన్నాయన. "అందుకే నేను పోతా ఉండా."

"యాడికి?"

"మిల్లుకు. బాయిలరు కాడ మనిషి కావాలంట. వచ్చే ఏడు మడి వంతు వచ్చేదాకా. ఇల్లు ఆ కూలితో జరుపుకుందాం. నువ్వు తోట మీద చెయ్యి వెయ్యొద్దు."

సొంత వ్యాపారం ఉన్న ఇంటి మనిషి కూలికి పోవడం మా వీధిలో చిన్న విషయం కాదు. నాయన మర్నాడు పొద్దున ఆయన ముఖం చూడలేదు, కానీ ఆపలేదు కూడా. చిన్నాయన ఏడాది పాటు ఆ మిల్లు బాయిలరు నోట్లో కట్టెలు వేశాడు. బొగ్గు వచ్చినా మిల్లు కట్టెలు మానలేదు. సాయంత్రం మసి ముఖంతో వస్తే చిన్నమ్మ, "తోటను కాపాడే దొర వచ్చినాడు, నీళ్ళు తోడండే" అని అరిచేది. నీళ్ళు మాత్రం తనే కాచి ఉంచేది. ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు పోయాయి, తర్వాత మళ్ళీ రాలేదు. తొట్టి తలుపు మేం పూర్తిగా మూయలేదు. అమ్మ, చిన్నమ్మ తోటలో రాలిన ఎండాకు, చితుకులు ఊడ్చి మోపులు కట్టి తెచ్చి పెట్టేవాళ్ళు. ఒక పాత బేరగత్తె వచ్చి చూసి, "ఏందక్కా, లోపల తొట్టిలులో బిడ్డ నిండుగా ఉంది, బయట తొట్టి ఖాళీగా ఉంది?" అంది. అరవంలో ఊయలను తొట్టిలు అంటారు. అందరం నవ్వాం. నాకు బిడ్డ పుట్టి అప్పటికి నెల అయింది.

నేను బాలింతగా ఉన్న ఆ రోజుల్లో చిన్నాయన స్నానం చేసి వచ్చి బిడ్డ పక్కన కూర్చుని మిల్లు సంగతులు చెప్పేవాడు. యంత్రాల గురించి కాదు, కట్టెల గురించి. "మొదట్లో తొడంత ఉండేవంట. ఇప్పుడు వచ్చేవి నా ముంజేయంత కూడా లేవు. బెరడు ముదర్లా. అగ్గిలో వేస్తే మండవు, పొగ. రెండు బండ్లు వేసే చోట మూడు బండ్లు వెయ్యాల" అన్నాడు ఒక రోజు. ఇంకో రోజు, "ఈ పొద్దు కట్టెల్లో కాలాపేటవి ఉండాయి. బెరడు మీద ఉప్పు చూస్తే తెలిసిపోతా ఉంది. మన పక్క తోటవి" అన్నాడు. ఎవరి తోటో పేరు చెప్పలేదు. ఆ మాటలో జాలి, కోపం ఏదీ నాకు వినబడలేదు. అలిసి ఉన్నాడు, అంతే.

మరుసటి ఏడు బాట పక్క మడి దాని వంతుకు కొట్టాం. వేళ్ళు కలవలేదు. చిన్నాయన మిల్లు మానేసి తోటకు తిరిగి వచ్చాడు. వెనకబడిన సముద్రం పక్క మడిని తర్వాతి వంతు దాకా వదిలేస్తే అది మా తోటలో అన్నిటికన్నా లావు కట్టె ఇచ్చింది. అప్పటి నుంచి నేటి దాకా ఆ తోటలో ఏడాదికి ఒక మడి వస్తూనే ఉంది. చుట్టుపక్కల తోటలు అలా లేవు. యుద్ధం రోజుల్లో మొదలుపెట్టినవాళ్ళు మానలేకపోయారు. నాలుగేళ్ళవి కొట్టినవాడికి తర్వాత మూడేళ్ళవి కొట్టక తప్పలేదు. కొన్ని చోట్ల నాటడమే మానేశారు, ఇసుక బాట దాకా వచ్చింది. ఇది వాళ్ళ దురాశ అని నేను అనుకోను. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క కాన్పు, ఒక్కొక్క జ్వరం ఉండి ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. మాకు చిన్నాయన ఉన్నాడు, అదొక్కటే తేడా.

ఇప్పుడు తొట్టి లేదు. ఆ చోట సైకిలు కొట్టు ఉంది. వీధిలో సగం ఇళ్ళలో కిరసనాయిలు పొయ్యిలే. సరుగుడు మాత్రం ఇంకా అమ్ముడవుతోంది. మేడలు కట్టేచోట పరంజాకు, పందిళ్ళకు సన్నవాటినే అడుగుతున్నారట. లావువాటికన్నా వాటికే గిరాకీ అని చిన్నాయన కొడుకు దాము చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు. తండ్రి మంచాన పడినప్పటి నుంచి తోట అతనే చూస్తున్నాడు.

కర్మలు ముగిసిన మర్నాడు దాము వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. ఈ ఏడు వంతు మడి సిద్ధంగా ఉందని, కానీ ఇల్లు మైలపడిన ఏడు తోటలో గొడ్డలి పెట్టకూడదని పెద్దలు అంటున్నారని, ఏం చేయమంటావని అడిగాడు. పక్కన మా తమ్ముడు కూడా ఉన్నాడు. చిన్నమ్మ పదకొండు రోజులుగా పెద్దగా మాట్లాడలేదు. గోడకు ఆనుకుని ఉన్నదల్లా ముందుకు వంగింది.

"చెట్టుకు మైల ఏందిరా? వంతు వస్తే కొట్టాల. మీ నాయన ఆపమన్నది వంతు రాని దాన్ని." ఆగి, "నారు పోసినావా?" అంది.

"పోస్తాలేమ్మా, కొట్టినాక. ముందు బండ్లు మాట్లాడుకోవాల గదా."

"కొట్టినాకా?"

దాము తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల వైపు చూశాడు.

"నారు పోయకుండా వంతు ఏందిరా? నారు మొలిచి, జానెడు లేచినాక వచ్చి చెప్పు. అప్పుడు కొట్టు" అంది చిన్నమ్మ.

దాము చొక్కా వేసుకుని, మూలనున్న గోనెసంచి దులిపి చంకన పెట్టుకుని, కాయలు ఏరడానికి కాలాపేట బస్సుకు వెళ్ళాడు. కాసేపటికి తమ్ముడు కూడా లేచి, చెప్పులు వెతుక్కుని, వాడి వెనకే వెళ్ళాడు.